ఒంటరిగా పల్లెబాట పట్టే ముందు: మూర్, పొలాలు, నదీతీరం కలిసిన ఒక రోజు నడకకు సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు వారాంతంలో ఒక్కరే కొండల వైపు నడిచి రావాలనుకున్నప్పుడు మొదట అడిగేది ఒకటే: "దారి తప్పితే ఎలా?"

దారి ఎవరైనా తప్పుతారు. తప్పామని తెలిసీ ఇంకాస్త ముందుకు పోయినవారే చిక్కుల్లో పడతారు. నలుగురు కలిసి వెళితే ఎవరో ఒకరు "ఇక చాలు, వెనక్కి పోదాం పదండి" అంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మాట అనే మనిషి ఉండడు. అలసిన బుర్ర మాత్రం "ఇంకొంచెమే కదా" అని సర్దిచెబుతూనే ఉంటుంది. అందుకే ఒంటరి నడకకు సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ ముందురోజు రాత్రి, కడుపు నిండా తిని, వెచ్చటి గదిలో కూర్చుని తీసుకోవాలి. మరునాడు వాటిని పాటిస్తే చాలు.

గాలిలో సలహాలు చెబితే లాభం లేదు కాబట్టి నిజమైన దారినే ఉదాహరణగా తీసుకుంటాను: పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానంలోని హాథర్‌సేజ్. షెఫీల్డ్ నుంచి రైలులో ఇరవై నిమిషాల ప్రయాణం. షెఫీల్డ్, మాంచెస్టర్‌ల మధ్య హోప్ వ్యాలీ మార్గంలో నడిచే లోకల్ రైళ్లు అక్కడ ఆగుతాయి. పొలాలు, మూర్, నది మూడూ ఒకే రోజులో చూడవచ్చు. మూర్ అంటే చెట్లు దాదాపు లేని ఎత్తైన బీడు: హెదర్ పొదలు, గడ్డి, కింద నల్లటి పీట్ మట్టి (కుళ్లిన మొక్కలతో ఏర్పడినది).

1. దారిని ముక్కలు చేసి కాగితం మీద రాయండి

మొత్తం దూరం సుమారు 17 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 450 మీటర్లు.

మొదటి ముక్క, పొలాలు: హాథర్‌సేజ్ స్టేషన్ నుంచి ఊరిలోకి, అక్కడి నుంచి బాల్క్ లేన్ మీదుగా నార్త్ లీస్ దాకా. తరువాత స్టానేజ్ ప్లాంటేషన్ అనే చిన్న అడవి గుండా రాతిపలకలు పరిచిన దారిలో పైకి.

రెండో ముక్క, మూర్: స్టానేజ్ ఎడ్జ్ అనే పొడవాటి రాతి అంచు మీదుగా ఆగ్నేయంగా అప్పర్ బర్బేజ్ వంతెన వరకు. అక్కడి నుంచి 434 మీటర్ల హిగ్గర్ టోర్, దాని పక్కనే చదునైన తలతో ఉండే కార్ల్ వార్క్, ఆపైన బర్బేజ్ వాగు.

మూడో ముక్క, లోయ, నది: వాగు వెంట పాడ్లీ గోర్జ్ అడవిలోకి దిగి గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్, తరువాత డర్వెంట్ నది వెంట లెడ్‌మిల్ వంతెన, మళ్లీ హాథర్‌సేజ్.

ఈ వరుసను తిరగేయకండి. ఎత్తు, గాలి, పొగమంచు ఉండే భాగాన్ని ఒంట్లో సత్తువ, బయట వెలుగు ఉండగా ముగించాలి. నది పక్కన దారి తప్పడం కష్టం కాబట్టి అలసిపోయాక నడవడానికి అదే మంచిది. పైగా గ్రిండిల్‌ఫర్డ్‌లో స్టేషన్ ఉంది. కాళ్లు మొరాయిస్తే నది ముక్క వదిలేసి అక్కడే రైలెక్కవచ్చు. ఒంటరిగా నడిచేవారు ఇలా మధ్యలో బయటపడే చోటున్న దారినే ఎంచుకోవాలి.

2. పటం చదవడం ఇంట్లోనే నేర్చుకోండి

ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) వారి ఎక్స్‌ప్లోరర్ పటాలు 1:25,000 కొలతలో ఉంటాయి. పటం మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పీక్ డిస్ట్రిక్ట్‌కు ఓఎల్1, ఓఎల్24 అని రెండు షీట్లున్నాయి. హాథర్‌సేజ్ ఆ రెండూ కలిసే ప్రాంతంలో ఉంది కనుక కొనే ముందు అట్ట మీది చిన్న పటంలో మీ దారి అంతా లోపల ఉందో లేదో చూడండి.

పటంలో వెతకాల్సినవి:

☐ ఆకుపచ్చ పొట్టి గీతల వరుస: అందరికీ నడిచే హక్కున్న కాలిబాట.
☐ ఆకుపచ్చ పొడవు గీతల వరుస: గుర్రాలకూ సైకిళ్లకూ కూడా హక్కున్న బాట.
☐ నల్లటి గీతల వరుస: నేల మీద బాట కనిపిస్తుందని మాత్రమే అర్థం. నడిచే హక్కు ఉందన్న హామీ కాదు.
☐ లేత పసుపు రంగు నేల: 2000 నాటి చట్టం ప్రకారం బాట వదిలి కూడా తిరగగలిగే బహిరంగ నేల. స్టానేజ్ మూర్‌లో ఎక్కువ భాగం ఇదే.
☐ సన్నటి నల్ల గీతలు: పొలాల చుట్టూ ఉన్న గోడలు, కంచెలు.

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. పొలాల్లో దారి తప్పేది సాధారణంగా గోడకు అటు నడవాల్సింది ఇటు నడవడం వల్లే. ఆకుపచ్చ గీత గోడకు ఏ పక్కన ఉందో చూసుకుంటే అరగంట తిరుగుడు తప్పుతుంది.

ఫోనులో పటం ఉంచుకోండి, తప్పు లేదు. ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి, ఫ్లయిట్ మోడ్‌లో తెరుచుకుంటుందో లేదో చూడండి. చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఫోనును లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా పెట్టుకోండి. వాన చినుకులు పడిన తెర వేలి మాట వినదు. ఆ సమయంలో కాగితం పటమే దిక్కు.

దిక్సూచిని పొగమంచులో మొదటిసారి తీయకూడదు. దగ్గర్లోని పార్కులో ఈ మూడు పనులూ పదిసార్లు చేయండి:

☐ ఉన్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటికి దిక్సూచి అంచును పటం మీద ఆనించండి.
☐ చక్రాన్ని తిప్పి, లోపలి గీతలను పటం మీది నిలువు గీతలకు సమాంతరం చేయండి. చక్రం మీది బాణం పటం పైవైపు చూడాలి.
☐ దిక్సూచిని చేతిలోకి తీసుకుని, ఎర్ర ముల్లు ఆ బాణంలో ఇమిడేదాకా ఒళ్లంతా తిరగండి. ఇప్పుడు ముందున్న బాణం చూపేదే మీ దారి.

బ్రిటన్‌లో ప్రస్తుతం పటం ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ తేడా చాలా తక్కువ. ఒక రోజు నడకలో దాన్ని లెక్కచేయనక్కరలేదు.

3. సమయం లెక్క, వెనుదిరిగే గడువు

నైస్మిత్ అనే స్కాట్లండ్ వాసి 1892లో చెప్పిన లెక్క నేటికీ వాడుకలో ఉంది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. మన దారికి 17 కిలోమీటర్లంటే 3 గంటల 24 నిమిషాలు, ఎక్కుడుకు 45 నిమిషాలు. మొత్తం నాలుగు గంటల పైచిలుకు. అది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. తినడం, ఫొటోలు, పటం చూడడం, తప్పిన గోడ దగ్గరికి తిరిగి రావడం అన్నీ ఉంటాయి కనుక సగం కలపండి. ఆరుంబావు గంటలు వస్తుంది.

ఉదయం 9:30కి స్టేషన్ దాటితే నా కాగితం మీద గడువులు ఇలా ఉంటాయి:

☐ 11:45కల్లా స్టానేజ్ అంచు మీద ఉండాలి. లేకపోతే వచ్చిన దారినే కిందికి.
☐ 1:00కల్లా అప్పర్ బర్బేజ్ వంతెన. లేకపోతే హిగ్గర్ టోర్, కార్ల్ వార్క్ రెండూ వదిలి, లోయలోని వెడల్పాటి బాట వెంట నేరుగా దిగడం.
☐ 3:15కల్లా గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్. లేకపోతే రైలు.

గడువు దాటాక బేరం పెట్టకూడదు. ఒక్క పది నిమిషాలే కదా అనిపిస్తుంది. ఆ పది నిమిషాలను మన్నించడం మొదలుపెడితే కాగితం రాసుకోవడమే దండగ.

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళతాయి. దాన్ని మరిచి చీకట్లో చిక్కుకునేవారు ఉంటారు. తొలి ఒంటరి నడక మే, సెప్టెంబరు మధ్యలో పెట్టుకోండి.

వాతావరణం చూసేటప్పుడు మీ ఊరిది కాదు, బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ పర్వత ప్రాంతాలకు విడిగా ఇచ్చే సూచన చూడండి. గాలి వేగం, పైన పొగమంచు కమ్మే అవకాశం, "ఒంటికి తగిలే" ఉష్ణోగ్రత అందులో ఉంటాయి. హెచ్చరిక ఉంటే ఆ రోజుకు నది ముక్క ఒక్కటే నడిచి రండి.

4. సంచిలో ఏమేం ఉండాలి

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి, చల్లబడి, సాయంత్రం దాకా ఆరవు. నూలు బనియన్ కూడా అంతే: చెమటను పట్టి ఉంచి, ఆగగానే వీపును మంచుముద్ద చేస్తుంది. సింథటిక్‌వో ఉన్నివో వేసుకోండి. గొడుగు ఊళ్లోకే, మూర్ గాలికి నిలవదు.

☐ మడమ జారని, అడుగున గట్లున్న బూట్లు. కొత్తవైతే ఊళ్లో కనీసం రెండు మూడు నడకలు అయ్యాకే.
☐ వాన కోటు, వాన ప్యాంటు రెండూ.
☐ వేసుకున్నది కాక ఇంకొక వెచ్చని పొర, టోపీ, చేతి తొడుగులు. వేసవిలో కూడా.
☐ కాగితం పటం, దిక్సూచి, విజిల్.
☐ తలకు కట్టుకునే టార్చి.
☐ పవర్ బ్యాంకు, దాని తీగ.
☐ బొబ్బలకు ప్లాస్టర్లు, ఒక కట్టు, పిడుదులు తీసే సన్నని పట్టకారు.
☐ అదనపు మేజోళ్లు, వీటన్నిటినీ చుట్టడానికి ప్లాస్టిక్ సంచి.
☐ ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు.

తిండి విషయంలో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పులిహోర వేడి చేయనక్కరలేదు, సాయంత్రం దాకా పాడవదు, చేతికి మెతుకు అంటినా ఇబ్బంది లేదు. కాకపోతే అంచు మీద ఈదురుగాలిలో డబ్బా తెరిచి కూర్చోవడం కుదరని రోజులుంటాయి. అందుకని చపాతీ చుట్టలు రెండు, వేరుసెనగ ఉండలు కొన్ని జేబులో ఉంచండి, నడుస్తూనే తినవచ్చు. థర్మాస్‌లో టీ బరువే, అయినా నేను మానను.

5. ఎవరికి, ఏమని చెప్పి వెళ్లాలి

"బయటికి వెళ్తున్నా" అంటే చెప్పినట్టు కాదు. అమెరికాలోనో గుంటూరులోనో ఉన్న అన్నయ్యకు చెప్పడం కంటే ఇక్కడి గదిమిత్రుడికి చెప్పడం మేలు, ఇక్కడి అత్యవసర సేవలకు ఫోన్ చేయగలవాడు అతడే. సందేశంలో ఉండాల్సినవి:

☐ ఎక్కడ మొదలు, ఏ దారి, ఎక్కడ ముగింపు (కాగితం ఫొటో పంపితే సరి).
☐ కోటు, సంచి రంగు.
☐ "ఆరింటికల్లా ఫోన్ చేస్తాను. ఏడు దాటినా నా నుంచి కబురు లేకపోతే 999కి చెయ్యి."

మధ్యలో దారి మార్చుకుంటే, సిగ్నల్ దొరికిన చోట ఆ సంగతీ పంపండి. ఇంటికి చేరాక ఫోన్ చేయడం మరచిపోతే, మిమ్మల్ని వెతుకుతూ జనం కొండ మీద తిరుగుతారు. ఇంగ్లండ్‌లో కొండ రక్షణ దళాల వారంతా డబ్బు తీసుకోకుండా, తమ పనులు మానుకుని వచ్చే స్వచ్ఛంద సేవకులు.

బయలుదేరే ముందు రోజే మీ ఫోను నుంచి 999కి "రిజిస్టర్" అనే ఇంగ్లీషు మాటను సందేశంగా పంపి, వచ్చిన సూచనల ప్రకారం నమోదు చేసుకోండి. మాట్లాడేంత సిగ్నల్ లేని చోట కూడా అత్యవసర సందేశం పంపగలుగుతారు.

6. పొలాల్లో నడిచేటప్పుడు

గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. మూసి ఉంటే మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. మందకు నీళ్ల దారి అదే కావచ్చు. గేటు తెరుచుకోకపోతే మడతబందుల వైపు నుంచి ఎక్కండి, మధ్యలో ఎక్కితే వంగిపోతుంది. గోడ దాటడానికి కట్టిన మెట్లను స్టైల్ అంటారు. వానలో ఆ రాయి సబ్బులా జారుతుంది, దిగేటప్పుడు వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగండి. పసుపు బాణం కాలిబాటకు గుర్తు, నీలం బాణం గుర్రాల బాటకు.

ఇప్పుడు పశువుల సంగతి. ఇక్కడే మన అనుభవం మనల్ని మోసం చేస్తుంది. చిన్నప్పటి నుంచి ఆవుల మధ్యే తిరిగినవాళ్లం, చెయ్యెత్తి "హెయ్" అంటే గేదె పక్కకు తప్పుకోవడం చూసినవాళ్లం. నా మొదటి వేసవిలో ఒక పచ్చిక బయలులో పది పన్నెండు కోడెదూడలు నన్ను చూసి పరుగెత్తుకొచ్చాయి. అలవాటు కొద్దీ చెయ్యెత్తి అదిలించాను. ఆగాయి. తిరిగి నడవబోతే మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకా దగ్గరికి. వెనుక నుంచి వాటి ముక్కుల ఊపిరి వినిపిస్తోంది. అవి పొడవడానికి రాలేదు. రోజంతా కంచెలో ఉండే కుర్ర పశువులకు కొత్త మనిషి తమాషా, అంతే. కానీ ఒక్కొక్కటి నాలుగైదు వందల కిలోలు, ముందున్నదాన్ని వెనుకది తోస్తే మన గతి ఏమిటి?

అప్పటి నుంచి నా పద్ధతి:

☐ గేటు దగ్గరే ఆగి మంద ఎక్కడుందో చూడండి. దూడలున్న ఆవులైతే పొలం అంచు వెంట దూరంగా చుట్టి వెళ్లండి. తల్లికీ దూడకూ మధ్య ఎన్నడూ నడవకండి.
☐ పరుగెత్తకండి. దగ్గరికొస్తే వాటి వైపు తిరిగి, చేతులు చాపి నిలబడి, మామూలు గొంతుతో మాట్లాడండి. తరువాత నెమ్మదిగా నడవండి.
☐ బయటపడే గోడో, గేటో ఎటు ఉందో ముందే చూసిపెట్టుకోండి.
☐ కుక్క వెంట ఉంటే, పశువులు తరుముకొస్తే గొలుసు వదిలేయండి. వాటి కోపం కుక్క మీదే, అది తప్పించుకుంటుంది.

పాడి జాతి ఆంబోతును, పది నెలలు దాటినదాన్ని, కాలిబాట ఉన్న పొలంలో వదలకూడదని 1981 నాటి చట్టం చెబుతోంది. మాంసపు జాతి ఆంబోతును మాత్రం ఆవులతో కలిపి వదలవచ్చు. కాబట్టి మందలో ఆంబోతు కనిపిస్తే అది చట్టవిరుద్ధమే అనుకోనక్కరలేదు, చుట్టి వెళితే చాలు.

7. మూర్ మీద

స్టానేజ్ మీద ఆగ్నేయంగా నడుస్తున్నప్పుడు లోయ మీ కుడిచేతి వైపు ఉంటుంది. అంచు నుంచి కిందికి నిలువు రాయి. నాలుగైదు అడుగులు లోపలికి నడవండి, గాలి రోజున ఇంకా ఎక్కువ. పొగమంచు కమ్మినా ఈ అంచు ఒక విధంగా చేతికర్ర లాంటిది: కుడివైపు రాయి, ఎడమవైపు హెదర్ ఉన్నంతసేపు మీరు దారిలోనే ఉన్నారు.

అంచు వదిలాక నేల రంగు చదవాలి. హెదర్ ఉన్న చోట సాధారణంగా గట్టి నేల. గాలికి ఊగే తెల్లటి పత్తి కుచ్చుల గడ్డి ఉంటే కింద తడి. మెరిసే పచ్చటి నాచు తివాచీలా పరుచుకుని ఉంటే అక్కడ కాలు పెట్టనే వద్దు. కార్ల్ వార్క్ దిగి వాగు వైపు వస్తుండగా అలాంటి పచ్చదనాన్ని పచ్చిక అనుకుని నేను కాలు వేశాను. మోకాలి దాకా దిగిపోయింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. నల్లటి బురదలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని వెతికి తీశాను. చుట్టూ నరమానవుడు లేడు, నవ్వడానికి కూడా.

దిగబడితే: రెండో కాలితో తన్నకండి. సంచి తీసి ముందు పడేసి, దాని మీద ఒళ్లు వాల్చి, కాలిని అటూ ఇటూ ఊపుతూ నెమ్మదిగా లాగండి. బయటపడగానే మేజోళ్లు మార్చుకోండి.

మార్చి నుంచి జులై దాకా నేల మీద గూళ్లు పెట్టే పక్షులుంటాయి, బాట వదలకండి. బహిరంగ నేలలో ఆ నెలల్లో కుక్కకు పొట్టి గొలుసు తప్పనిసరి. ఏ నెలలోనూ నిప్పు వెలిగించవద్దు. పీట్ అంటుకుంటే నేల కిందే రోజుల తరబడి రగులుతుంది.

8. లోయలో, నది వెంట

పాడ్లీ గోర్జ్ అడవిలో తడిసిన వేర్లు, నాచు పట్టిన రాళ్లు. అలసిన కాళ్లు బెణికేది ఇక్కడే. అడుగులు చిన్నవిగా వేయండి. ఫొటో కావాలంటే ఆగి తీసుకోండి, నడుస్తూ వద్దు.

గ్రిండిల్‌ఫర్డ్ నుంచి నది పట్టుకున్నాక ఒక సులువైన గుర్తు: డర్వెంట్ నీళ్లు మీకు ఎదురు రావాలి. మీతోపాటే పారుతున్నాయంటే తప్పు దిక్కున పోతున్నారు. వానల తరువాత గట్టు మీది బాట మునిగి ఉంటే నీళ్లలోకి దిగకండి, స్టేషన్‌కు తిరిగి వెళ్లండి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగవద్దు, పైన గొర్రెలు తిరుగుతాయి. తినే ముందు చేతులకు శానిటైజర్ రాసుకోండి.

9. చిక్కులు, సవరణలు

దారి తెలియడం లేదు: ఆగండి, కూర్చోండి, ఏదైనా తినండి. తరువాత కచ్చితంగా గుర్తున్న ఆఖరి చోటికి వెనక్కి నడవండి. అడ్డదారి వెతకవద్దు.

మడమ దగ్గర వేడిగా అనిపిస్తోంది: అప్పుడే ఆగి ప్లాస్టర్ వేయండి. బొబ్బ పొంగాక వేస్తే ఫలితం తక్కువ.

వణుకు ఆగడం లేదు, మాట తడబడుతోంది: గాలి తగలని రాతిచాటుకు చేరి, పొడి పొర వేసుకుని, వేడిగా తాగి, తీపి తినండి. తగ్గకపోతే సాయం పిలవండి.

కాలు విరిగింది, కదలలేరు: 999కి గానీ 112కి గానీ ఫోన్ చేసి మొదట "పోలీస్" అని, తరువాత "మౌంటెన్ రెస్క్యూ" అని అడగండి. పటం యాప్‌లో కనిపించే "ఎస్‌కె"తో మొదలయ్యే అక్షరాలు, అంకెలు చదివి చెప్పండి, మీరున్న చోటు గుర్తు అదే. ఫోను పనిచేయకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. చీకట్లో టార్చితోనూ అంతే. మూడు ఊదులు వినిపిస్తే మీకు జవాబు వచ్చినట్టు. అయినా వారు చేరేదాకా ఊదుతూనే ఉండండి.

10. ఇంటికి చేరాక

☐ ముందుగా ఫోన్ చేయండి: "వచ్చేశాను."
☐ మోకాళ్ల వెనుక, గజ్జల్లో, చంకల్లో, తల వెంట్రుకల్లో పిడుదులు ఉన్నాయేమో వెలుగులో చూసుకోండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నేరుగా పైకి లాగండి. నూనె రాయడం, కాల్చడం వద్దు. తరువాతి వారాల్లో ఆ చోట ఎర్రటి మచ్చ వలయంలా పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకు పిడుదు సంగతి చెప్పండి. పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధికి తొలి దశలో మందు బాగా పనిచేస్తుంది.
☐ గడువుల కాగితం మీద అసలు ఏ చోటికి ఎన్నింటికి చేరారో రాసి దాచుకోండి. తరువాతి నడకకు నైస్మిత్ లెక్క కంటే మీ లెక్కే నిజం.
☐ బూట్ల బురద కడిగి, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, గాలి తగిలే చోట పెట్టండి. హీటరు మీద పెడితే తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. కాగితాలను పడుకునే ముందు ఒకసారి మార్చండి.